కత్తెరతో రాసిన ఉత్తరం

మా అత్త జమాలున్నీసాకు చదవడం వచ్చు, రాయడం రాదు. ఈ మాట చెబితే మా మనవరాళ్లు నవ్వుతారు. చదవడం వచ్చినామెకు రాయడం రాకపోవడమేమిటని వాళ్ల అనుమానం. ఆ కాలంలో మా ఇళ్లలో అదేం విడ్డూరం కాదు. ఆడపిల్లకు ఖురాన్ చదవడం నేర్పేవారు, ఉర్దూ కితాబులు చదవడం నేర్పేవారు, కలం మాత్రం చేతికిచ్చేవారు కాదు. కలం పట్టిన పిల్ల ఉత్తరాలు రాస్తుందని, ఉత్తరాలు రాసే పిల్ల ఇంటి పరువు తీస్తుందని వాళ్ల భయం. మా అత్త తండ్రి ఇంకో అడుగు ముందుకేసి, తొమ్మిదేళ్ల పిల్ల చేత జన్మలో కలం పట్టనని ఒట్టు వేయించుకున్నాడట. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటినా ఆమె ఆ ఒట్టు తప్పలేదు. నాకైతే ఆ పెద్దమనిషి మీద ఇప్పటికీ కోపమే.

నేను 1955లో కరీంనగర్ నుంచి లక్సెట్టిపేటకు కోడలిగా వచ్చాను. నాది తలకిందుల చదువు. పోలీస్ యాక్షన్ తర్వాత మా వాడలో ఉర్దూ బడి మూతపడితే మా అబ్బా నన్ను తెలుగు బడిలో వేశాడు. అలా తెలుగు గడగడా రాయడం వచ్చింది. ఉర్దూ మాత్రం కూడబలుక్కుని చదువుతాను, రాయలేను. ఈ సంగతి తెలిసిన రోజు మా అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నీకు చెయ్యుంది, నాకు కన్నుంది, ఇద్దరం కలిస్తే ఒక మనిషికి సరిపోతామని నవ్వింది. అత్తగారింట్లో నాకు ధైర్యం వచ్చింది ఆ నవ్వుతోనే.

ప్రతి జుమేరాత్ నాడు, అంటే గురువారం, మధ్యాహ్నం నమాజయ్యాక మా ఇంటి వెనక దాలాన్‌లో, అంటే వసారాలో, చాప పరిచేవాళ్లం. వాడలోని ఆడవాళ్లు ఎనిమిది పదిమంది వచ్చేవారు, ఎవరి పని వాళ్లు వెంట తెచ్చుకుని. బీడీలు చేసేవాళ్లు చాటల్లో తునికాకు, తంబాకు తెచ్చుకునేవారు. ఒకామె బియ్యంలో రాళ్లు ఏరుకునేది. మా అత్త తఖ్తు బల్ల మీద కూర్చుని, నమాజు, రోజా ఉపవాసాల నియమాలు చెప్పే కితాబు నుంచి ఒక పేజీ చదివేది. ఆ తర్వాత మాటలు. అవి నమాజుకు ముందు కడుక్కునే వజూ నీళ్ల దగ్గర మొదలై ఎక్కడెక్కడికో పోయేవి. తెలుగు బడికి పోయే పిల్లలు దీన్, మన మతం, మరిచిపోతారా, సర్కారు కచేరీల్లో ఉర్దూ పోతే మన మొగవాళ్లకు నౌకరీలెట్లా, కరాచీ పోయినవాళ్లు ఏం బాగుపడ్డారు, సినిమా చూడటం ఎంత గునా, ఎంత పాపం. పాలు పోసే ఎల్లక్క కూడా గడప దగ్గర కూర్చుని అన్నిటికీ తన తీర్పు తాను ఇచ్చేది. మా అత్తలో ఒక గుణం ఉండేది. కితాబులో ఉన్నది ఉన్నట్టు చెప్పేది, లేనిది అడిగితే "నాకు తెల్వది" అనేసేది. ఆ మాట ఆమె అన్నంత తేలిగ్గా అనగలిగిన మౌల్వీని నేను ఇంతవరకు చూడలేదు.

ఆ చాప మీద ఒక మూలన అక్బరీ బేగం కూర్చునేది. పాతికేళ్ల మనిషి. వాడలో ఆమె అంత వేగంగా బీడీ చుట్టేవాళ్లు లేరు. ఆమె పక్కనే అత్త రహమత్ బీ. అక్బరీ మొగుడు గులాం దస్తగీర్ 1948లో, పోలీస్ యాక్షన్ జరిగిన ఆ సెప్టెంబర్ రోజుల్లోనే, ఎద్దుల బేరానికని నాందేడ్ వైపు పోయాడు. మళ్లీ రాలేదు. పోయాడన్న కబురూ లేదు, ఉన్నాడన్న కబురూ లేదు. అప్పటికి పెళ్లయి ఏడు నెలలు. ఎనిమిదేళ్లుగా అత్తాకోడళ్లిద్దరూ ఒకే చాటలో బీడీలు చుట్టుకుని బతుకుతున్నారు. అక్బరీ నల్లపూసలు తీయలేదు, బయటికి కనబడనీయలేదు. రవికె లోపలికి తోసుకుని తిరిగేది.

1956లో రంజాన్ పండగ దాటిన కొన్నాళ్లకు కాగజ్‌నగర్ నుంచి ఒక మాట వచ్చింది. అక్కడ కాగితాల మిల్లులో పనిచేసే ఫజలుద్దీన్ మా వాడ మనిషే, భార్య పోయింది, ఒక చిన్న కూతురు. అక్బరీ ఒప్పుకుంటే నికా చేసుకుంటానని మా అత్త ద్వారా అడిగించాడు. ఏడాది చూస్తానని, అంతకుమించి పసిపిల్లతో ఒంటరిగా నెట్టుకురాలేనని ఉన్నమాట చెప్పాడు.

మసీదు పెద్దలు ఒక్క మాటలో కొట్టేశారు. తప్పిపోయినవాడికి తొంభై ఏళ్లు నిండేదాకా బతికున్నట్టే లెక్క అన్నాడు పేష్ ఇమామ్. నేను వంటింట్లో కూర్చుని లెక్కేశాను. దస్తగీర్‌కు తొంభై నిండేసరికి అక్బరీకి ఎనభై అయిదు. అప్పుడు చేసుకోవచ్చునన్నమాట పెళ్లి. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ జుమేరాత్ నాడు దాలాన్‌లో అందరూ వంచిన తల ఎత్తకుండా పని చేసుకుంటున్నారు. చివరికి అక్బరీయే తలెత్తింది. ఎనిమిదేళ్లలో ఆమె నలుగురిలో నోరు విప్పడం అదే మొదటిసారి.

"నేను మొగుడున్న పెండ్లామునా, మొగుడు పోయిన బేవానా? ఏదో ఒకటి చెప్పుండ్రి. గీ నల్లపూసలు పెట్టుకోవాల్నో తీసెయ్యాల్నో తెల్వక ఎనిమిదేండ్లయింది."

ఎల్లక్క గడప దగ్గర నుంచి, తమవాళ్లలో అయితే కులపెద్దలు కూర్చుని ఒక్కపూటలో తేల్చేస్తారని అంది. అందరూ మా అత్త వైపు చూశారు. ఆమె అవునన్నా కాదన్నా వాడలో ఆడవాళ్లు నమ్మేవారు. ఆమె కితాబు మూసింది.

"నాకు తెల్వది. తెల్వనిది చెప్తే అక్బరీ బతుకంత నా మెడకు పడ్తది. తెలిసినోళ్లను అడుగుదాం."

తెలిసినవాళ్లంటే హైదరాబాద్‌లో ఒక మదర్సా. అక్కడ మతధర్మం చెప్పే ముఫ్తీకి ఉత్తరం రాసి అడిగితే జవాబు వస్తుంది. కానీ ఉర్దూలో ఎవరు రాయాలి? నా చెయ్యి తెలుగుదే. మా మామ బట్టల దుకాణం మనిషి, ఉర్దూ ముత్యాల్లా రాస్తాడు. అడిగితే మొహం నల్లగా చేసుకున్నాడు. ఆ ఏడాది గురించి కాగితం మీద ఒక్క అక్షరం కూడా ఉండకూడదని, ఎవరు ఎప్పుడు తప్పిపోయారని మనమే రాసిస్తే రేపు ఎవరి చేతిలో పడుతుందోనని ఆయన భయం. ఆ రోజులు చూసినవాళ్ల భయాన్ని ఎగతాళి చేయడానికి నాకు నోరు రాదు. మా ఆయన తండ్రి మాట జవదాటడు. ఊళ్లో కైలాసం పట్వారి ఉర్దూ మావాళ్లకంటే బాగా రాస్తాడు, ఆయన్ని అడుగుదామన్నాను నేను. ఆడదాని సంసారం సంగతి కచేరీ మనిషి చేతిలో పెడతామా అని మా అత్త ఒప్పుకోలేదు.

రెండు రోజులు ఆమె అన్నం సరిగా తినలేదు. మూడో రోజు పొద్దున్నే దుకాణంలో పొట్లాలకని కట్టలు కట్టి ఉంచిన పాత ఉర్దూ పత్రికలు ఇంట్లోకి తెప్పించింది. అక్బరీని పిలిపించి, తునికాకు కత్తిరించే కత్తెర తెమ్మంది. ఏం చేస్తారని నేను అడిగాను.

"కలం పట్టొద్దన్నడు మా అబ్బా. కత్తెర పట్టొద్దనలే."

అలా మొదలైంది మా ఉత్తరం. పత్రికలో మాట దొరికితే కత్తిరించడం, చాటలో వేయడం, చివరికి వరసలో మైదా జిగురుతో అతికించడం. చెప్పినంత తేలిక కాదు. పత్రికల నిండా ప్రభుత్వాలు, వజీర్లు, యుద్ధాలు, సమావేశాలు. మాకు కావలసినవేమో మొగుడు, పెళ్లాం, ఇల్లు, ఎదురుచూపు. పెళ్లాం సబ్బు ప్రకటనలో దొరికింది. ఎనిమిది అనే అంకె బస్సు వేళల్లో దొరికింది. ఎదురుచూపు అనే మాట ఎక్కడా లేక లేక సినిమా ప్రకటనలో కనబడింది. ముఫ్తీ సాబ్‌కు పంపే కాగితం మీద సినిమా మాటా అని మా అత్త ఒక వారం తటపటాయించి, ఆఖరికి బిస్మిల్లా అనుకుని కత్తిరించింది. అల్లా పేరున్న ముక్క మీద మాత్రం కత్తెర పడనిచ్చేది కాదు. అవన్నీ ఒక గుడ్డసంచిలో వేసి, పాత ఖురాన్ పుటలతో పాటు గోదాట్లో కలపడానికి దాచేది. ఒకసారి ఎల్లక్క తలుపు తోసుకుని రాగానే గాలికి చాటలోని మాటలన్నీ లేచిపోయాయి. పదిమందిమి దాలానంతా పాక్కుంటూ ఏరుకున్నాం. బెల్లం డబ్బా కింద ఇద్దరు వజీర్లు దొరికారు, మాకు అక్కర్లేనివాళ్లే.

అంతకుముందు కితాబు ఒక్కటే వినేవాళ్లం, ఇప్పుడు మాటల కోసం వెతుకుతూ పత్రిక మొత్తం చదవాల్సి వచ్చింది. మా అత్త వేలు పెట్టి చదువుతుంటే ప్రపంచమంతా దాలాన్‌లోకి వచ్చి కూర్చుంది. సూయజ్ కాలువ ఎవరిది, అల్జీరియాలో తుపాకులెందుకు, ఫలస్తీన్ నుంచి వెళ్లగొట్టినవాళ్లు డేరాల్లో నమాజు ఎటు తిరిగి చేస్తారు, అన్నీ మాకే కావాలి. మిసర్‌లో, అంటే ఈజిప్టులో, ఆడవాళ్లకు ఈ ఏడాదే ఓటు ఇచ్చారని చదివితే, బియ్యం ఏరుకునే ఆమె తలెత్తకుండా, మనం యాభై రెండులోనే వేసినం గదా అంది. ఆ పూటంతా మాకు ఎంత గర్వమో. సూయజ్ మీద బాంబులు పడ్డ వారమే మా ఊరు ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. రెండింటి గురించీ ఒకే చాప మీద వాదించుకున్నాం. మా బతుకులో అంత చదువు ఇంకెప్పుడూ చదవలేదు. ఇప్పటికీ ఆ గురువారాలు తలచుకుంటే మైదా జిగురు, తంబాకు కలిసిన వాసన ముక్కుకు తగులుతుంది.

రహమత్ బీ ప్రతి వారం వచ్చేది. ఒక్క ముక్క కత్తిరించేది కాదు, వద్దనేది కూడా కాదు. తన ఆకువక్కల పాన్‌దాన్ ఒళ్లో పెట్టుకుని, మా చేతుల వైపు చూస్తూ ఉండేది. ఆమె కళ్ల ముందే ఆమె కొడుకు లేడని రుజువు చేసే కాగితం తయారవుతోంది. నాకు అప్పుడు ఇరవై ఏళ్లు లేవు, ఆ సంగతి సగమే అర్థమయ్యేది.

చలికాలం వచ్చేసరికి ఉత్తరం పూర్తయింది, ఒక్క ఖాళీ తప్ప. అక్బరీ పేరు దర్జీ ప్రకటనలోని అక్బర్‌కు చివర ఒక అక్షరం తగిలించి చేసుకున్నాం. దస్తగీర్ అనే పేరు మాత్రం ఏ పత్రికలోనూ లేదు. రెండు వేరువేరు మాటల ముక్కలు అతికి చూశాం. అది మధ్యలో విరిగినట్టు కనబడింది. రహమత్ బీ చూసి మొహం తిప్పుకుంది. మా అత్త వెంటనే గోటితో పీకేసింది. పేరు లేకుండా పంపుదామన్నాను నేను. పేరు లేకపోతే ఇది ఎవరికో వచ్చిన జవాబని మసీదులో తోసేస్తారని ఆమె అంది. నాలుగు వారాలు వెతికాం. ఫజలుద్దీన్ పెట్టిన ఏడాదిలో సగం గడిచిపోయింది. అక్బరీ బీడీలు చుట్టడం నెమ్మదించింది, మాట్లాడటం మళ్లీ మానేసింది.

అయిదో గురువారం రహమత్ బీ అందరికంటే ముందు వచ్చింది. అందరూ కూర్చున్నాక పాన్‌దాన్ తెరిచి, సున్నం డబ్బీ కింద నుంచి నాలుగు మడతల పత్రిక ముక్క తీసి మా అత్త ముందు పెట్టింది. పసుపుపచ్చగా అయిపోయింది ఆ కాగితం. 1949లో ఆమె హైదరాబాద్ పోయే చుట్టం చేత పత్రికలో వేయించిన ప్రకటన. గులాం దస్తగీర్, ఇరవై రెండేళ్లు, చామనఛాయ, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ, చూసినవారు ఈ చిరునామాకు కబురు చేయగలరు అని అందులో ఉంది.

"నా కొడుకు పేరు గిండ్ల ఏడున్నదో జర చూపియ్యి" అంది రహమత్ బీ. ఆమెకు చదవడం రాదు.

మా అత్త వేలు పెట్టి చూపించింది. రహమత్ బీ అక్బరీ చేతిలోని కత్తెర తీసుకుంది. అక్బరీ సాయం పట్టబోతే వద్దని తల ఊపింది. చుట్టూ ఒక్క అక్షరం చెడకుండా పేరు మేరకే కత్తిరించి చాటలో పెట్టి, కాగితంలో మిగిలింది మళ్లీ నాలుగు మడతలు చేసి పాన్‌దాన్‌లో దాచుకుంది. అక్బరీ ఆమె ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. మేమందరం ఏడ్చాం. ఎల్లక్క అయితే పాలచెంబు అక్కడే మరిచి వెళ్లిపోయింది.

తర్వాత తెలిసింది నాకు. ఆ ప్రకటన వచ్చిన నాటి నుంచీ ఏటా ఒకసారి రహమత్ బీ దాన్ని పట్టుకొస్తే చదివి వినిపించేది మా అత్తే. అంటే పేరు ఎక్కడుందో ఆమెకు మొదటిరోజు నుంచీ తెలుసు. ఇంతమందిమి నాలుగు వారాలు కళ్లు పోగొట్టుకుంటుంటే ఎందుకు అడగలేదని నేను గట్టిగానే నిలదీశాను.

"అది అడిగేది గాదు బిడ్డా" అంది.

మదర్సా చిరునామా చందా రసీదు మీద అచ్చులో ఉంటే అదే కత్తిరించి కవరు మీద అంటించాం. పంపినవారి చిరునామా నేను తెలుగులో రాశాను. మొత్తం ఉత్తరంలో కలంతో రాసింది అదొక్కటే. మా అత్త దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

నలభై రోజులకు జవాబొచ్చింది. టపా గంగయ్య దాన్ని దుకాణంలో ఇచ్చాడు. మామ విప్పకుండానే తెచ్చి, నీకు ఉత్తరమొచ్చిందని అత్త ముందు పెట్టాడు. ఆమె పేరున వచ్చిన మొదటి ఉత్తరం అది. మీ ఉత్తరం ఎవరు రాసిచ్చారని ఆయన అడిగితే, ఎవరూ రాయలేదని ఆమె నిజమే చెప్పింది. తర్వాత ఆమె చదువుతుంటే ఆయన గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు. ఇలాంటి కష్టంలో ఉన్న స్త్రీ తొంభై ఏళ్లు ఆగనక్కర్లేదని, ఇమామ్ మాలిక్ చెప్పిన పద్ధతి ప్రకారం దారి ఉందని, ఖాజీ ముందు దరఖాస్తు పెట్టుకుంటే ఆయన విచారించి ఆ నికా రద్దు చేయవచ్చని, ఆపైన ఆగవలసిన ఇద్దత్ గడువు గడిచాక ఆమె ఇంకొకరిని చేసుకోవచ్చని అందులో ఉంది.  మర్నాడు ఖాజీకి పెట్టే దరఖాస్తు మామే రాశాడు, తప్పిపోయిన ఏడాదితో సహా. ఆ భయస్తుడి మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే.

ఖాజీ ముందు కొడుకు కబురు లేదని సాక్ష్యం చెప్పింది రహమత్ బీ. ఫజలుద్దీన్ తన ఏడాది గడువు దాటినా ఆగాడు, 1957 చివరలో నికా అయింది. మంచిర్యాల స్టేషన్‌లో అక్బరీని రైలెక్కించడానికి నేనూ పోయాను. ఫజలుద్దీన్ కూతురు అప్పటికే అక్బరీ చెంగు పట్టుకుని వదలడం లేదు. రహమత్ బీని కూడా వచ్చి తమతో ఉండమని ఇద్దరూ ఎంతో బతిమాలారు. కొడుకు వస్తే ఇంటికి తాళం ఉండకూడదని ఆమె రాలేదు. రైలు కదిలేముందు కిటికీ దగ్గరకు పోయి అక్బరీ తల నిమిరింది.

"దస్తగీర్ వస్తె నేను చెప్పుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆ తర్వాత మా గురువారాలు మామూలైపోయాయి. మా అత్తకు మాత్రం పత్రికల పిచ్చి పోలేదు. కట్టలు కట్టలు తెప్పించుకునేది. కళ్లజోడు వచ్చింది, తర్వాత దాని మీద భూతద్దం వచ్చింది. అన్నం చల్లారిపోతున్నా చివరి పేజీ చిన్నచిన్న ప్రకటనల దాకా వేలు పెట్టి వెతికేది. దునియా ఖబర్లన్నీ మీ అమ్మకే కావాలని మా ఆయన్ని నేను ఆటపట్టించేదాన్ని. ఆమె నవ్వి ఊరుకునేది.

1968 వానాకాలంలో రహమత్ బీ పోయింది. కాగజ్‌నగర్ నుంచి అక్బరీ మొగుణ్ణీ ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చి, కన్నకూతురు చేసినట్టే అన్నీ చేసింది. నాలుగో రోజు సామాను సర్దుతుంటే పాన్‌దాన్‌లో సున్నం డబ్బీ కింద ఆ కాగితం దొరికింది. నడుమ తొర్ర ఉంటుందని నాకు తెలుసు, అందుకే మెల్లగా విప్పాను. తొర్ర లేదు. వెనక నుంచి ఒక ముక్క అతికించి ఉంది. కాగితం కాస్త తెల్లగా, అక్షరాలు కాస్త పెద్దగా. గులాం దస్తగీర్.

నేను మా అత్త వైపు చూశాను. ఆమె గోడకు ఆనుకుని తస్బీ పూసలు తిప్పుతోంది.

"ఆరేండ్లు ఎతికిన. ఎవలదో పెండ్లి ఖబర్ల దొరికింది" అంది. "తీసుకున్నది ఇయ్యాలె గదా."

అక్బరీ కాగితాన్ని తీసుకుని ఆ పేరు తడిమి, మళ్లీ నా చేతిలో పెట్టి చదవమంది. పేరు దగ్గర మొదలుపెట్టి, వయసు, చామనఛాయ, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ, కబురు చేయవలసిన చిరునామా దాకా, కూడబలుక్కుంటూ అంతా చదివాను.